ఫోల్డర్ పేరు ఎవరు మార్చారు?

రాజీ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఏటి అవతలాయన, ఏటి ఇవతలాయన ముద్దనూరు రైస్‌మిల్లులో పెద్దమనుషుల ఎదుట పాత పగలు పక్కనబెట్టి చేతులు కలిపారు. వాళ్ళ పేర్లు నేను రాయను. నాకూ పెళ్ళాం బిడ్డలున్నారు. అయినా ప్రొద్దుటూరిలో ఆ రెండు పేర్లూ నోటితో పలికేవాళ్ళెవరు గనక? అవతలాయన, ఇవతలాయన అంటే పసిబిడ్డకైనా తెలుస్తుంది.

ఎలక్షన్లు దగ్గరపడుతున్నాయి, ఇకనైనా రెండు ఊళ్ళూ తలుపులు తీసుకుని పడుకుంటాయి అనుకున్నారు జనం. పక్షం తిరక్కముందే అవతలాయన బామ్మర్ది పోతున్న జీపు మీద జమ్మలమడుగు రోడ్డు మలుపులో బాంబులు పడ్డాయి. మనిషి బతికాడు గానీ కుడిచెయ్యి పోయింది. ఆ జీపు ఆ దారిన పోతుందని తెలిసింది సొంత మనుషులకు మాత్రమే. "మనోళ్ళల్లోనే ఎవుడో చెప్పినాడు. రాజీ పొద్దు ఎవుడు ఎవునితో గుసగుసలాడినాడో ఫోటోల్లో చూస్తా, తెప్పియ్యండి" అన్నాడు అవతలాయన.

ఆ ఫోటోలు తీసింది ప్రొద్దుటూరు భాగ్యలక్ష్మి డిజిటల్ స్టూడియోలో పనిచేసే అబ్దుల్ సలాం. తీరా చూస్తే కంప్యూటర్లో ఆ రోజు ఫోటోలు లేవు. ఇక చెప్పేదేముంది? సలాం ఇవతలాయనకు అమ్ముడుపోయాడన్నారు. సలాం ఏడుస్తూ తనకు కంప్యూటర్ నేర్పిన జయకర్ సార్‌కు ఫోన్ చేశాడు. జయకర్ జమ్మలమడుగులో బస్సెక్కి, ప్రొద్దుటూరులో దిగి, స్టూడియో ఉన్న సందు మొగలోకి వచ్చేసరికి గుమ్మం ముందు అవతలాయన జీపు నిలబడి ఉంది. కిందటి వారం మనం అక్కడ ఆగాం.

జీపు చూసి జయకర్‌కు భయం వెయ్యలేదు అంటే అబద్ధం. కానీ భయం కంటే ముందు ఒళ్ళు మండింది. బస్సులో వచ్చినంతసేపూ మండుతూనే ఉంది. సలాం ఫోన్లో చెప్పిన ఒక్క మాట చెవిలో గింగురుమంటూనే ఉంది: "బ్యాచ్ ఫైల్ రన్ చేసినా సార్, అంతే, ఫోటోలు పోయినాయి."

బ్యాచ్ ఫైల్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. కంప్యూటర్‌కు రోజూ చెప్పే పనే మళ్ళీ మళ్ళీ చెప్పకుండా, చెప్పాల్సిన మాటలన్నీ వరసగా ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటాం. దానిమీద ఒకసారి నొక్కితే చాలు, కంప్యూటర్ ఒక్కొక్క లైనూ చదువుకుంటూ చేసుకుపోతుంది. ఆగదు, ఆలోచించదు. అందుకే జయకర్ జమ్మలమడుగు కంప్యూటర్ సెంటర్లో ప్రతి బ్యాచ్ పిల్లలకూ అరిచి చెప్పేవాడు, "మీరు రాసేటప్పుడే దాని తరఫున మీరు ఆలోచించాల!" అని. పిల్లలు తలలూపేవాళ్ళు. తలలూపడానికి ఏం ఖర్చు?

గుమ్మం మెట్టు మీద సలాం తల్లి ఖాతూన్‌బీ కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిన్ క్యారియర్.

"అయ్యవారూ, వచ్చినావా! పొద్దున్నుంచి బిడ్డ ఏం తిన్లేదు. ఈ క్యారియర్ లోపలికి ఇయ్యనీరంట. నువ్వన్నా చెప్పు."

"చెప్తానమ్మా. నువ్వు ఈడనే ఉండు."

"నా కొడుకు అట్లాంటోడు కాదయ్యవారూ."

"నాకు తెల్దా?" అని విసుక్కున్నాడు. విసుక్కున్నందుకు మళ్ళీ తనమీద తనకే చిరాకేసి, తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

స్టూడియో లోపల ఫోటోలు దిగేవాళ్ళకోసం వేసిన స్టూలు మీద సలాంను కూర్చోబెట్టారు. వెనక గుడ్డమీద నురగలు కక్కుతున్న జలపాతం బొమ్మ. ఆ జలపాతం ముందు తలదించుకుని, పెళ్ళిచూపుల ఫోటోకు ఒప్పుకోని పిల్లలాగా కూర్చున్నాడు వాడు. మూలన గోడకు అతుక్కుపోయి స్టూడియో ఓనరు రామాంజనేయులు. ఓనరు కుర్చీలో మాత్రం ఈశ్వరయ్య. ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఆయనది. అంగడి పేరుకే, అసలు పని అవతలాయనకు టౌనులో కావలసినవన్నీ చక్కబెట్టడం. మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా, బంగారు అంచు కళ్ళద్దాలు. తలుపు పక్కన అవతలాయన డ్రైవర్ నూర్ అహ్మద్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాంబులు పడ్డ పూట ఆ జీపు నడిపింది అతనే. చెవి పక్కన కుట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"రా అయ్యవారూ, రా. నీ శిష్యుడు చేసిన ఘనకార్యం చూద్దువు గానీ" అన్నాడు ఈశ్వరయ్య.

"వాడేం చెయ్యలేదు ఈశ్వరయ్యప్పా. ముందు నన్ను ఆ కంప్యూటర్ చూడనియ్."

"చూసి ఏం జేస్తావు? పోయినవి పోయినాయి. ఎవురు చెప్తే పోగొట్టినాడో ఆ పేరొక్కటి చెప్పమను. నాకు కావాల్సింది అదే."

"ఎవురూ చెప్పలేదప్పా. పొరపాటు జరిగింది."

ఈశ్వరయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "పొరపాటా! మన సీమలో పొరపాట్లు యాడుండాయప్పా? లారీ గుద్దితే నడిపినోడు ఒకడుంటాడు, వాన్ని పంపినోడు ఇంకొకడుంటాడు. కరెంటు పోతే గూడా ఎవుడు తీపిచ్చినాడని అడుగుతాం మనం. ఫోటోలు వాటంతటవే పోతాయా?"

"పోతాయి."

"మిషను దానంతటది చేస్తాదంటావా?"

"దానంతటది చెయ్యదు. రాసింది చేస్తాది."

"రాసిందెవురు?"

"... సలామే."

"అయిపాయె గదా!" ఈశ్వరయ్య రెండు చేతులూ చాచాడు. "నువ్వే చెప్తివి. నూరూ, లేపు వాన్ని. అన్న కాడికి తీసకపోదాం. ఆడ చెప్తాడులే పేరు."

జయకర్‌కు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. ఏం మనుషులురా దేవుడా! నిజం చెబితే అదే ఉరితాడైపోతోంది. అవతలాయన ఇంటికి అట్లా జీపులో పోయినవాళ్ళు మళ్ళీ తమ కాళ్ళమీద నడిచి వచ్చింది ఎవరూ చూడలేదు. సలాం స్టూలు అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఈశ్వరయ్యప్పా, నేను ఆ ఫైలు తెరిచి చూపిస్తా. చూసినాక నీ ఇష్టం" అన్నాడు జయకర్. గొంతు పెరిగింది, తగ్గించుకోలేదు. "చూడకుండానే మనిషిని తీసకపోయేదానికి ఇదేమన్నా గొర్రెల సంతనా?"

"గొంతు తగ్గియ్యి. నేను రాజీ పొద్దు ముద్దనూర్లో ఉండింటే ఈ పిల్లగాని చేతికి కెమెరా ఇయ్యనిచ్చేవాణ్ణే కాదు. పులివెందుల్లో మా చుట్టాల పెండ్లికి పోయింటి, నా ఖర్మ. ఇంగ చూసేదేం లేదు."

ఫోటోలు మళ్ళీ వస్తాయా అని మాత్రం ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. జయకర్ ఉన్న చిరాకులో ఆ సంగతి పట్టించుకోలేదు. మీరు పట్టించుకోండి.

నూర్ అహ్మద్ తలుపు దగ్గర్నుంచి కదిలాడు. "చూడనీ మామా. అన్న అడిగితే ఏం చూసినామో చెప్పేదానికి ఒక మాటుండాల గదా మనకి."

ఈశ్వరయ్య అడ్డం చెప్పేలోపే జయకర్ గబగబా పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మానిటర్ వెనకవైపు గుమ్మానికి ఉంది. తెర కనపడాలంటే బల్ల ఇవతలికి రావాలి. కుర్చీలోని ఈశ్వరయ్యకు మాత్రం పక్కనుంచి కనపడుతుంది.

డెస్క్‌టాప్ మీద 'సాయంత్రం' అని పేరు పెట్టిన బ్యాచ్ ఫైల్ ఉంది. స్టూడియో మూసే ముందు నొక్కేది. కెమెరాలోనుంచి దించిన ఫోటోలను తీసుకుపోయి, ఎవరివి వాళ్ళ ఫోల్డర్లో పెట్టడం దాని పని. రన్ చెయ్యకుండా, నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. నాలుగే నాలుగు లైన్లు. చదవగానే జయకర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సలాం! ఏందిరా ఇది?"

"సార్..."

"మొదటి లైన్లోనే ఎకో ఆఫ్! నోరు మూసినావు దాన్ది. మొదటి వారం అది పెట్టొద్దని చెప్పినానా లేదా? అది ఏ లైను చేస్తాందో చెప్తా చెయ్యనియ్యాల. నమ్మకం కుదిరినాక మూయొచ్చు నోరు. చివర్లో ఇదేంది, నల్? తప్పు జరిగితే చెప్పే మాటలు గూడా గుంతలో పోసినావు!"

"తెరమీద అన్ని లైన్లు వస్తాంటే ఓనరు భయపడతాండాడు సార్."

"భయపడనీ! మూవ్ అని రాసేముందు ఆ లైనుకు ముందు ఎకో అని పెట్టి చూసుకోమన్నానా? అప్పుడు మూవ్ చెయ్యదు, ఏం మూవ్ చెయ్యబోతాందో చూపిస్తాది, అంతే. అది చూసుకుని, సరిగ్గా ఉంటే అప్పుడు ఎకో తీసెయ్యమన్నానా? అసలు మూవ్ ఎందుకురా? కాపీ చెయ్, చేరినాయో లేదో చూసుకో, ఆ తర్వాత పాతవి చెరుపు. ఎన్నిసార్లు చెప్పినాను!"

"పెండ్లిళ్ళ సీజన్ సార్. డిస్కులో చోటు చాల్లేదు."

బయట జీపు, లోపల ప్రాణం మీదికి వచ్చిన పిల్లవాడు, మధ్యలో ఈయన ట్యూషను! నూర్ అహ్మద్ బిత్తరపోయి చూస్తున్నాడు. జయకర్‌కు ఆ సోయి లేదు. తన మాట వినని శిష్యుడి మీద కోపం, వాణ్ణి చంపడానికి వచ్చినవాళ్ళ మీద కోపం, రెండూ ఒకటే గొంతులో వస్తున్నాయి.

"ఇది చూడు. డి డ్రైవ్‌లో 'అవతల' అనే ఫోల్డర్‌కు పంపమని రాసినావు. పేరు చివర బ్యాక్‌స్లాష్ యాడ? ఆ ఒక్క గీత యాడ?"

"గీత లేకపోయినా రోజూ పోతాండాయి సార్ ఫోటోలు. ఏ పొద్దూ ఏం కాలేదు."

"ఫోల్డర్ ఉన్నన్నాళ్ళూ ఏం కాదురా! లేని పొద్దు అవుతాది!"

అని, డి డ్రైవ్‌లో 'అవతల' అనే ఫోల్డర్ కోసం చూశాడు. లేదు. 'ఇవతల' అనే ఫోల్డరూ లేదు. వాటి బదులు 'కల్యాణం', 'సీమంతం' అని రెండు కొత్త ఫోల్డర్లు ఉన్నాయి. జయకర్ వాటివంక చూసి, మెల్లగా తల తిప్పి రామాంజనేయులు వంక చూశాడు. రామాంజనేయులు గోడకున్న దేవుడి పటం వంక చూస్తున్నాడు.

జయకర్‌కు అంతా అర్థమైపోయింది. అర్థం కావడం వేరు, చెప్పడం వేరు. ఓనరు పేరు చెబితే జీపులో సలాం బదులు ఓనరు ఎక్కుతాడు. ముందు మిషను తప్పు ఎట్లా చేస్తుందో చూపిద్దాం, పేరు తర్వాత చూసుకుందాం అనుకున్నాడు.

"ఈశ్వరయ్యప్పా, ఇట్లా చూడు. మూవ్ అనేదానికి రెండు పనులు తెల్సు. నువ్వు చెప్పిన పేరుతో ఫోల్డర్ ఉంటే ఫోటోను దాంట్లోకి తీసకపోయి పెడతాది. ఆ పేరుతో ఫోల్డర్ లేకపోతే, ఇదేదో ఫోటోకు కొత్త పేరు పెట్టమంటాండారు అనుకుని, ఫోటోకే ఆ పేరు పెట్టేస్తాది. రెండో ఫోటో వచ్చిందనుకో, దానికీ అదే పేరు. మొదటిది పాయె. మూడోది వస్తే రెండోది పాయె."

"అడగదా?"

"చేత్తో టైపు చేస్తే అడుగుతాది, పాతదాని మీద పెట్టేదా అని. బ్యాచ్ ఫైల్లోనుంచి పోతే అడగదు. నీకన్నీ తెల్సు గదా అనుకుంటాది."

"కతలు బాగానే చెప్తావప్పా అయ్యవారూ" అన్నాడు ఈశ్వరయ్య. "పేరు తప్పితే ఎర్రర్ అంటాది గానీ, ఉన్న ఫోటోలు మింగుతాదా ఎక్కడన్నా? మా అంగట్లో గూడా కంప్యూటర్ ఉండాది."

"కళ్ళతో చూడు అయితే!"

స్టూడియోలోని వెనక గుడ్డల నమూనా ఫోటోలు మూడింటిని జయకర్ ఒక ఖాళీ ఫోల్డర్లో వేశాడు. జలపాతం, తాజ్‌మహల్, గులాబీ తోట. సలాం రాసిన లైన్లనే ఇంకో ఫైల్లోకి ఎత్తి, పేరు మాత్రం అసలు లేని ఫోల్డర్‌ది పెట్టాడు. ఎకో ఆఫ్ తీసేశాడు, నల్ తీసేశాడు. మొదట్లో పాజ్ అని ఒక లైను చేర్చాడు.

"ఇప్పుడు ఆగింది చూడు. మీట నొక్కు అంటాంది. నువ్వే నొక్కప్పా, మళ్ళ నేనేదో చేసినానంటావు."

ఈశ్వరయ్య చిటికెనవేలితో నొక్కాడు. నల్లటి తెరమీద మూడు లైన్లు చరచరా పాకాయి. జయకర్ ఫోల్డర్ తెరిచాడు. జలపాతం లేదు. తాజ్‌మహల్ లేదు. తెల్లకాగితం బొమ్మతో ముక్కూ మొహం లేని ఫైలు ఒకటి మాత్రం ఉంది. దాని పేరు చివర ఫోటో అని తెలిపే జేపీజీ చేర్చి తెరిచాడు. గులాబీ తోట.

"మూడిట్లో రెండు పాయె, ఒకటి మిగిలింది. అరవలేదు, అడగలేదు. మింగిందా లేదా?"

నూర్ అహ్మద్ బల్ల ఇవతలికి వచ్చి గులాబీ తోటను చూసి, "యా అల్లా" అనుకున్నాడు. సలాం మొదటిసారి తలెత్తాడు.

"ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్ అని ఒక్క లైను ముందు రాసింటే, ఫోల్డర్ లేకపోతే ఆగిపొయ్యేది. చివర ఆ గీత ఉండింటే, దారి దొరకలేదని చెప్పి ఫోటోలు ఉన్నచోటనే ఉండేవి. వాడు రాయలేదు. వాడు సోమరి, ఒప్పుకుంటా. నాలుగు తన్ను, నేను గూడా తంతా. కానీ వాడు ద్రోహి కాదు!"

"సరే" అన్నాడు నూర్ అహ్మద్. "ఫోల్డర్ రోజూ ఉండేదే గదా సార్. ఆ పొద్దు యాల లేకపాయె? పేరెవురు మార్చినారు?"

అదిగో, వచ్చింది. సలాంకు తెలియదు. వాడి మొహం చూస్తేనే తెలుస్తోంది తెలియదని. తెలిసినవాళ్ళు ఆ గదిలో తనూ ఓనరూ ఇద్దరే. చెబితే ఒకడు జీపెక్కుతాడు, చెప్పకపోతే ఇంకొకడు. ఎందుకొచ్చానురా ఈ ఊరికి అనుకున్నాడు జయకర్.

"నేనే మార్చినా."

రామాంజనేయులు గోడను వదిలి ముందుకు వచ్చాడు. మాట తడబడలేదు.

"ఆ పొద్దు మధ్యాన్నం ఇవతల పార్టీ పిల్లోడు ఒకడు పాస్‌పోర్ట్ ఫోటోకు వచ్చినాడు. తెరలోకి తొంగి చూసి, 'ఏంది రామాంజనేయులూ, మీ కాడ అవతలోళ్ళ ఫోటోలు గూడా దాచిపెట్టినావా' అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయినాయి. వాడు పోతానే రెండు ఫోల్డర్ల పేర్లు మార్చేసినా. మా వృత్తిలో మీ పేర్లు యాడా రాయం నూరూ, నీకు తెల్సు గదా. అవతల, ఇవతల అని రాసినా గూడా భయమే. సలాం ముద్దనూర్లో ఉండె. చెప్పేది మర్చిపోయినా. ఫోటోలు పోయినాక చెప్పేదానికి నోరు రాలేదు. వాన్ని ఇడ్సిపెట్టండి. నన్ను తీసకపోండి."

సలాం స్టూలు దిగి ఓనరు చెయ్యి పట్టుకున్నాడు. జయకర్‌కు కళ్ళు చెమర్చాయి. ఇంత పిరికివాడిలో ఈ మాట ఎక్కడ దాక్కుంది ఇన్నాళ్ళూ!

ఈశ్వరయ్య వాళ్ళవంక చూడటం లేదు. తెరమీది గులాబీ తోటనే చూస్తున్నాడు. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు.

"సరేలే. మిషను తప్పే. నాకు అర్థమైంది" అన్నాడు. "పాపం పిల్లోడు. రామాంజనేయులుది గూడా తప్పు కాదులే, భయం ఎవునికి ఉండదు? నూరూ, పోదాం పా. అన్నకు నేను చెప్తా, మిషను తప్పని. అయ్యవారూ, ఇంగ అది మూసెయ్. ఆ చెత్తంతా చెరిపెయ్, పీడ పోతాది."

ఇంతసేపూ నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎక్కని మాట ఈయనకు ఇంత తొందరగా ఎట్లా ఎక్కింది? జయకర్ ఒక్కక్షణం ఆ మాట అనుకున్నాడు గానీ, సంతోషం ముంచుకొచ్చి దాన్ని తోసేసింది. వాకిట్లో ఖాతూన్‌బీ లేచి నిలబడిన నీడ తలుపు అద్దంమీద పడింది.

"ఉండు మామా" అన్నాడు నూర్ అహ్మద్.

"ఏందిరా ఇంగ?"

"మూడు ఫోటోల్లో ఒకటి మిగిలింది గదా ఇప్పుడు. రాజీ ఫోటోల్లో గూడా చివరిది ఒకటి మిగిలుండాల గదా సార్?"

జయకర్‌కు చెంప ఛెళ్ళుమన్నట్టైంది. పాఠం చెప్పింది తనే, ఆ సంగతి తట్టనిది తనకే.

"ఉండాల" అన్నాడు.

"ఒక్క ఫోటోలో ఏముంటాదిరా నా తలకాయ!" అన్నాడు ఈశ్వరయ్య. "ఆ టైముకు అందరూ చేతులు కడుక్కుంటా ఉంటారు. పా, పొద్దుపోతాంది."

"ఒక్కటైనా చాలు. అన్న బామ్మర్దిని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది నేను మామా. తీయి సార్."

అంటూనే నూర్ అహ్మద్ తలుపు దగ్గరికి పోయి వాకిట్లోకి తల పెట్టి, జీపు దగ్గరున్న మనిషికి ఇంకా కాసేపు పడుతుందని చెబుతున్నాడు. జయకర్ డి డ్రైవ్ తెరిచాడు. కల్యాణం, సీమంతం దాటి అన్నిటికంటే అడుగున తెల్లకాగితం బొమ్మ. పేరు 'అవతల'. అందరూ ఫోల్డర్ పోయిందనే అనుకున్నారు గానీ, అదే పేరుతో అక్కడ కూర్చున్న ఈ ఫైలును ఎవరూ పట్టించుకోలేదు. ఫోటోలు పోయిన భయంతో సలాం ఆ బ్యాచ్ ఫైల్ మళ్ళీ నొక్కలేదు గనక దానిమీద ఇంకో ఫోటో పడలేదు. పేరు చివర జేపీజీ చేర్చాడు. తెరిచాడు.

రైస్‌మిల్లు కొళాయి దగ్గర జనం చేతులు కడుక్కుంటున్నారు. నవ్వులు, భుజాలమీద తువ్వాళ్ళు. వాళ్ళ వెనక, తవుడు బస్తాల చాటున, కెమెరా తమను చూస్తోందని తెలియని మనుషులు ఇద్దరున్నారు. ఒకడు ఇవతలాయన తమ్ముడు. ఆ మీసం ప్రొద్దుటూరులో ప్రతి గోడమీదా పోస్టర్లలో ఉంది. రెండోవాడు ఆయన భుజంమీద చెయ్యి వేసి, చెవిలో నోరు పెట్టి ఏదో చెబుతున్నాడు. మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా. బంగారు అంచు కళ్ళద్దాలు.

పులివెందుల పెళ్ళిలో ఉన్న మనిషి!

జయకర్ పక్కకు చూశాడు. ఈశ్వరయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. పొద్దున్నుంచి గద్దించిన ఆ నోరు ఇప్పుడు గుసగుసలాడింది.

"అయ్యవారూ, చెరిపెయ్. ఒక్క మీటే గదా. ఆ నూరు చూస్తే నన్ను ఈ సందు దాటనియ్యడు. నీ పిల్లోన్ని నేను వదిలేసినా గదా. చెరిపెయ్ నాయనా."

జయకర్ కదల్లేదు. చెరిపితే, ఆ చెరిపింది ఎవరని మళ్ళీ సలాం మెడకే చుట్టుకుంటుంది. చెరపకపోతే ఈ మనిషి చీకటిపడేలోగా శవమవుతాడు. బాంబులకు దారి చెప్పినవాడే కావచ్చు, కానీ చంపించేది మాత్రం జయకర్ వేలే.

ఈశ్వరయ్య ఆగలేకపోయాడు. ఫోటో మూసి, చెయ్యి చాచి, కీబోర్డు మీద డిలీట్ మీట నొక్కాడు. ఫోటో పోలేదు. తెర మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుంది. నిజంగానే చెరపాలా అని అడుగుతోంది. కింద రెండు గడులు, ఒకటి అవును, ఒకటి కాదు. మౌస్ జయకర్ చేతిలో ఉంది.

వాకిట్లో ఖాతూన్‌బీ గొంతు వినిపించింది. "అయ్యవారూ, క్యారియర్ తెరిసేదా? బిడ్డ తింటాడా?"

నూర్ అహ్మద్ తలుపు మూసి బల్ల వైపు వస్తున్నాడు.

"దొరికిందా సార్?" అన్నాడు.